ఎవరి పలక, ఎవరి రొట్టె

శనివారం పొద్దున రొట్టెల బట్టీ అరుగు మీదికి, కాల్చాల్సిన పిండి ముద్దలతో పదిహేడు చెక్క పలకలు వచ్చాయి. బట్టీ నోటి ముందున్న గోతిలో నిలబడి ఉన్న అల్లాల్ మెడ చాచి ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట, అతను ఇక్కడే పనిచేసే రోజుల్లో, దానిమ్మ సందు మొత్తం ఈ బట్టీకే కదిలొచ్చేది, పొద్దుటి పూట నలభై పలకలకి తక్కువుండేవి కావు. అయినా ఇవాళ పదిహేడంటే పండగే. నిన్న సాయంత్రం దాకా రెండొస్తాయా, మూడొస్తాయా, అసలు వస్తాయా అని అతని ప్రాణం పీకుతూనే ఉంది.

"ఏంట్రా అలా గుడ్లప్పగించి చూస్తావు? అవేమన్నా పెళ్ళికూతుళ్ళా? పిండి పొంగి కిందికి జారేలా ఉంది, కానివ్వు!" అంది హజ్జా రఖియా.

ఆవిడ బట్టీ పక్కనే ఆడవాళ్ళ హమామ్ నడుపుతుంది. వేడినీళ్ళలో నాని నాని ఆవిడ చేతులు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి, నోరు అంతకంటే వేడి. అల్లాల్ జైలు నుంచి వచ్చి మసీదు మెట్ల మీద పడుకుంటున్నాడని తెలిసిన దగ్గర్నుంచీ పది రోజులపాటు ఆవిడ సందులో గడపగడపా ఎక్కి దిగింది. మగవాళ్ళు జుమ్మా నమాజయ్యాక గుంపుగా నిలబడి "చూద్దాం, చూద్దాం" అని గడ్డాలు నిమురుకుని ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. ఇంటి రొట్టె ఏ బట్టీకి పోవాలో తేల్చేది ఆడవాళ్ళని హజ్జాకి తెలుసు. "ఏడు రోజులే అడుగుతున్నాను. ఇంటికో పలక పంపండి. వాడి మీద ఒక్క ఫిర్యాదు వచ్చిందా, ఏడాదిపాటు మీ వీపులన్నీ ఊరికే రుద్దుతాను" అని ఒట్టు పెట్టుకుందట.

అలా కుదిరింది ఒప్పందం. వచ్చే శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు వేళ దాకా ఏ ఫిర్యాదూ లేకపోతే బట్టీ తాళాలూ, ఈ వారానికి తలదాచుకోనిచ్చిన బట్టీ మీది గదీ అల్లాల్‌వి. వస్తే మాత్రం సంచీ భుజానేసుకుని ఫేస్ నగరం వదిలి పోవడమే. అతను ఊరంతా తిరిగి చూసినవాడే. "ఇన్నాళ్ళూ ఎక్కడ పనిచేశావు?" అన్న ప్రశ్న దగ్గర ప్రతి దుకాణంలోనూ మాట ఆగిపోయింది. ఈ బట్టీ కూడా పోతే ఇక అతనికి దిక్కులేదు.

బట్టీ యజమాని సీ మఫద్దల్ ముసలాయన. మోకాళ్ళు అరిగిపోయి గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని ఉంటాడు. "నీ మీద జాలితో ఒప్పుకున్నాననుకోకు. నా మోకాళ్ళ మీద జాలితో ఒప్పుకున్నాను" అని మొదటి రోజే తేల్చేశాడు.

అల్లాల్ గుడ్డలు ఒక్కొక్కటే తీశాడు.  అంచున ఫోర్కుతో నాలుగు పోట్లు పొడిచి ఉన్నవి చెప్పులు కుట్టే వాళ్ళింటివి. నడుమ గాజు గ్లాసు అద్ది వలయం వేసినవి ఖురాన్ పంతులుగారివి. నువ్వులు ఒక పక్కకే ఒరిగి ఉన్నవి కవల పిల్లల తల్లివి. ఆవిడకి ఎప్పుడూ తొందరే, ఇప్పటికీ ఆ తొందర తగ్గలేదన్నమాట! జైల్లో నిద్ర పట్టనప్పుడల్లా అతను ఈ గుర్తులే ఒక్కొక్కటిగా తలుచుకునేవాడు. నలభై ఇళ్ళూ వరసాగ్గా గుర్తొచ్చేదాకా కళ్ళు మూసుకుని పడుకునేవాడు. ఇప్పుడు కొన్ని గుర్తులు రాలేదు. వేళ్ళతో నెలవంక వేసే ఇత్తో ముసలమ్మ చనిపోయిందట. పెద్ద పెద్ద రొట్టెలు పంపే నేతగాళ్ళు కొత్త నగరానికి వెళ్ళిపోయారట.

ఒక పిండి ముద్దని వేళ్ళ మధ్య నలిపి చూశాడు, ఇంకోటి చూశాడు. అప్పుడు అర్థమైంది. దాదాపు అన్నీ పొట్టు పిండే. ఇంటిల్లిపాదీ తినే మెత్తటి పిండిని దూరంగా ఉన్న ఇంకో బట్టీకి పంపి, హజ్జా మాట తీసెయ్యలేక, కోళ్ళకి వేసే పిండితో ఇంటికి రెండేసి రొట్టెలు చేసి ఇతనికి పంపారు. నవ్వొచ్చింది, ఆ వెంటే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. సరేలే, కోళ్ళ రొట్టెలైనా మాడకూడదు కదా అనుకుని రొట్టెలు లోపలికి తోసే పొడుగు తెడ్డు అందుకున్నాడు.

మంచి పిండి పంపింది ఒక్క ఇల్లే. లల్లా బతూల్ అనే పెద్దావిడ ఇల్లు. ఎనిమిదేళ్ళ కిందట ఆ ఇంట్లోంచే అతను బంగారు వడ్డాణం ఎత్తుకుపోయాడు. ఆ రోజుల్లో పలకలు నెత్తిన పెట్టుకుని నేరుగా వంటగదుల్లోకి వెళ్ళేవాడు. ఎవరూ తలుపు వేసుకునేవాళ్ళు కాదు, వెళితే గిన్నెడు వేడి హరీరా చారు తాగించకుండా పంపేవాళ్ళు కాదు. ఒక మోటారు బండి మీద మోజుతో అదంతా పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఏ గడపా తొక్కకూడదన్నది అతను తనకి తాను పెట్టుకున్న కట్టుబాటు. లల్లా బతూల్ పలక తెచ్చేదీ తీసుకుపోయేదీ హజ్జాయే.

"చూశావా ఆవిడ మనసు! నీ చేత దెబ్బ తిన్న మనిషి. 'వాణ్ణి క్షమించాను, మొట్టమొదటి పలక నా ఇంట్లోంచే పోవాలి' అంది. సందంతా ఆవిణ్ణి వేనోళ్ళ పొగుడుతోంది" అంది హజ్జా.

అల్లాల్ తల వంచుకున్నాడు. ఆ ఇంటి రొట్టెలు మూడూ బరువుగా, అంచులు పగిలి ఉన్నాయి. కోడలి చెయ్యి. ఒకప్పుడు ఆ ఇంటి రొట్టె పొంగితే సీ మఫద్దల్ కూడా ముక్కాలిపీట మీంచి లేచొచ్చి చూసేవాడు.

*

ఆదివారం ఇరవై పలకలొచ్చాయి, సోమవారం ఇరవై నాలుగు. సోమవారం సాయంత్రం కవల పిల్లల తల్లి మెత్తటి గోధుమ పిండి పంపింది. మంగళవారం ఇంకో తొమ్మిదిళ్ళ వాళ్ళు పంపారు. ఎవరూ ఏమీ అనలేదు, అల్లాల్ కూడా ఏమీ అడగలేదు. కానీ తెల్లటి పిండి ముద్ద వేళ్ళకి తగిలిన ప్రతిసారీ అతని ఒళ్ళు పులకరించింది. గోతిలో నిలబడి కూనిరాగం తీస్తుంటే సీ మఫద్దల్ "పాడితే పాడావు గానీ, అటు రెండోవరస ఎర్రబడుతోంది చూడు" అన్నాడు. అంటే ముసలాయన మనసు కూడా మెత్తబడిందన్నమాటే.

ఆ మంగళవారం రద్దీలోనే తప్పు జరిగింది.

బట్టీలోకి వెళ్ళాక అందరి రొట్టెలూ కలిసిపోతాయి. బయటికి లాగి ఎవరివి వాళ్ళ పలక మీద పెట్టడంలోనే బట్టీవాడి పనితనమంతా ఉంది. కళ్ళు చూస్తాయి, చేతులు సర్దుతాయి, మధ్యలో ఆలోచనకి పనుండదు. ఆలోచిస్తే రొట్టె మాడుతుంది. ముప్పై పలకలు ఒక్కసారిగా మీద పడేసరికి అల్లాల్ చేతులు పాత రోజుల్లోలా ఆడాయి. లల్లా బతూల్ పలక నిండింది. హజ్జా దాన్ని నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది. చివర్లో రెండు రొట్టెలు మిగిలాయి, ఒక చిన్న పలక మిగిలింది. ఇవి దీనివే అయ్యుంటాయని పెట్టేశాడు. ఎవరో పొరుగావిడ వచ్చి ఆ పలక తీసుకుపోయింది.

మధ్యాహ్నం దుహర్ నమాజయ్యాక సందు సద్దుమణిగింది. సీ మఫద్దల్ గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. ముసుగేసుకున్న ఒకామె ఆ చిన్న పలకతో వచ్చి అరుగు మీద పెట్టింది.

"ఇవి నావి కావు" అంది.

ఏ బట్టీవాడికైనా అది చెంపదెబ్బ లాంటి మాట. "ఎందుక్కావమ్మా?" అంటూ గుడ్డ తీశాడు. అంచులు పగిలిన బరువు రొట్టెలు, లల్లా బతూల్ కోడలివి. గుడ్డ మళ్ళీ కప్పేశాడు. "మీవి ఎలా ఉంటాయి?"

ఆమె ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంది. పలక అంచు పట్టుకున్న ఎడమ చెయ్యి మాత్రం అలాగే ఉంది. దాని బొటనవేలు కొంచెం బయటికి వంగి ఉంది. అల్లాల్ ఆ వేలి వంకే చూస్తూ ఉండిపోయాడు. పొద్దున తన చేతుల్లోంచి వెళ్ళిపోయిన రెండు రొట్టెలు అప్పుడు కళ్ళముందుకొచ్చాయి. అడుగున చల్లిన యవల పిండి, సోంపు వాసన, అంచు మీద ఎడమ బొటనవేలు నొక్కిన ఏటవాలు గుంట. కొండవాళ్ళ చేతి వాటమూ లల్లా బతూల్ నేర్పిన పద్ధతీ కలిసిన రొట్టె అది. అలాంటి చెయ్యి లోకంలో ఒక్కటే ఉంది, ఒకప్పుడు ఆ ఇంట్లో పనికున్న కొండపిల్లది. మూడేళ్ళపాటు రోజూ ఆ గుంట కనిపించగానే లల్లా బతూల్ పలక మీద పెట్టిన చేతులివి. ఇవాళా అక్కడే పెట్టేశాయి.

"యామ్నా..." అన్నాడు.

"ఆ పేరెత్తకు." ఆమె గొంతు తగ్గించింది. "ఇక్కడ నేను రంగులద్దే ముస్తఫా భార్యని, అంతే. వచ్చి పన్నెండు రోజులైంది. గది చవగ్గా దొరికిందని మా ఆయన సంబరపడ్డాడు, ఈ సందులో వద్దని ఏమని చెప్పను? నీ మొహం చూడకూడదనే పొరుగావిడ చేత పంపాను. అంతలోనే ఇలా తగలబెట్టావు."

"ఆయనకి తెలీదా?"

"తెలీదు. దొంగదని ముద్రవేసి వీధిలోకి గెంటేసిన పిల్లని చేసుకున్నానని ఆయనకీ తెలీదు, ఆయన తల్లికీ తెలీదు. తెలిస్తే ఆవిడ నన్ను ఒక్క పూట ఉంచుతుందా?"

"కానీ తీసింది నేను కదా! నాకు శిక్ష పడిందిగా. కోర్టులో తేలిపోయిందిగా..."

"కోర్టులో నీ సంగతి తేలింది. నా సంగతి ఎవరు తేల్చారు? ఒక్కరన్నా మా కొండకొచ్చి, అమ్మా, దొంగవి నువ్వు కాదట అని చెప్పారా?" ఆమె ముసుగు సర్దుకుంది. "నీకు ఏడు రోజులు గడువిచ్చారటగా. ఇంటింటికీ తిరిగి బతిమాలారటగా. నాకు చెప్పులు తొడుక్కునేంత సేపు కూడా ఇవ్వలేదు."

అల్లాల్ చేతిలోని గుడ్డ మడత పెట్టసాగాడు.

"గుమ్మం ముందు మూట పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు పలక నెత్తినెట్టుకుని నా పక్కనుంచే వెళ్ళావు. 'అల్లాల్ అన్నా, నువ్వైనా చెప్పన్నా, నేనలాంటిదాన్ని కానని' అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. ఏమీ అనలేదు. అప్పటికి ఆ వడ్డాణం ఈ బట్టీలోనే, బూడిద కుప్ప కింద ఉంది. ఇంకో పన్నెండు రోజులకి అతను దాన్ని వేరే ఊళ్ళో అమ్మబోయి, కంసాలి పట్టిస్తే దొరికిపోయేదాకా అక్కడే ఉంది. జడ్జి అడిగిన అన్ని ప్రశ్నలకీ అతను జవాబు చెప్పాడు గానీ, ఆ పిల్ల గురించి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఎనిమిదేళ్ళలో అతనికి నిజంగా సిగ్గు అనిపించింది వడ్డాణం తలుచుకుని కాదు, ఆ గుమ్మం తలుచుకుని.

"నా రొట్టెలు ఎక్కడికి పోయాయి?" అంది యామ్నా.

చెప్పాడు. ఆమె సందులో అటూ ఇటూ చూసింది.

"ఎవరివని అడుగుతారు. చెప్పకు. నోరు మూసుకోవడం నీకు బాగా వచ్చుగా, ఈసారి నాకోసం మూసుకో."

పలక తీసుకుని, ఆ బరువు రొట్టెలు తీసుకుని వెళ్ళిపోయింది.

*

బుధవారం పొద్దున హజ్జా పరుగులాంటి నడకతో వచ్చింది. పలక కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"ఒరే, నిన్న ఏం పంపావురా ఆ ఇంటికి? ఎంగిలి పడటమే మానేసిన ముసలావిడ సగం రొట్టె తినేసింది! మిగిలిన సగం ఒళ్ళో పెట్టుకుని ఒకటే ఏడుపు. వాసన చూస్తుంది, వేళ్ళతో అంచు తడుముతుంది, ఏడుస్తుంది. 'ఇది మా యామ్నా చెయ్యి, పిల్ల ఈ సందులోనే ఉంది, పిలవండి' అని ఒకటే గోల. కోడలేమో మా రొట్టెలు మార్చేశారని అగ్గిమీద గుగ్గిలమవుతోంది. ఎవరిదిరా ఆ పిండి?"

నీళ్ళకోసం వచ్చిన ఆడవాళ్ళు ఆగారు. సీ మఫద్దల్ ముక్కాలిపీట మీద ఇటు తిరిగాడు.

"తెలీదు హజ్జా" అన్నాడు అల్లాల్.

"తెలీదా?" సీ మఫద్దల్ కర్ర నేలకి తాటించాడు. "బట్టీవాడివై ఉండి పిండి ఎవరిదో తెలీదా? నువ్వు కళ్ళకి గంతలు కట్టుకుని కూడా చెప్పగలిగేవాడివి కదరా! అందుకే కదా నిన్ను పెట్టుకుంది?"

"చెయ్యి తప్పిపోయింది సీ మఫద్దల్. పాత గుర్తులు మరిచిపోయాను."

ఆ మాట అంటుంటే అల్లాల్‌కి తల కొట్టేసినట్టయింది. దొంగ అన్నప్పుడు కూడా అతను పడ్డాడు గానీ, పని రానివాడు అని ఇంతవరకూ ఎవరూ అనలేదు. జైల్లో అతన్ని నిలబెట్టింది ఆ ఒక్క గర్వమే. ఇప్పుడు దాన్ని తన నోటితోనే తీసి అవతల పారేశాడు.

ఆడవాళ్ళలో గుసగుస బయలుదేరింది. మరిచిపోవడమేంటి, ముసలావిడని మంచి చేసుకోడానికి ఎవరి రొట్టెలో ఎత్తి అక్కడ పెట్టి ఉంటాడు, పాత బుద్ధి ఎక్కడికి పోతుంది, అని ఒకావిడ అందరికీ వినపడేలాగే అంది.

"ఫిర్యాదు వచ్చింది. నేను మాటిచ్చాను గనక శుక్రవారం దాకా ఉండు. ఆ తరవాత నీ దారి నీది" అన్నాడు సీ మఫద్దల్. కోపంగా కాదు, విచారంగానే అన్నాడు. అదే అల్లాల్‌కి ఎక్కువ బాధ కలిగించింది.

హజ్జా వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది. "ఇన్ని గడపలు తొక్కి నీకోసం బతిమాలాను. నా మొహాన పేడ కొట్టావు కదరా" అంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

గురువారం పద్నాలుగు పలకలే వచ్చాయి. అన్నీ మళ్ళీ పొట్టు పిండే. ఆ పద్నాలుగింట్లో రంగులవాళ్ళ చిన్న పలక కూడా ఉంది. అల్లాల్ గుడ్డ తీసి చూశాడు. సోంపు లేదు. యవల పిండి లేదు. అంచున గుంట లేదు. కుడిచేత్తో బలవంతాన చదును చేసిన రెండు వంకర రొట్టెలు. తన చెయ్యి ఎవరూ గుర్తుపట్టకూడదని తన చేతినే దాచుకుంది పిల్ల. పదహారేళ్ళ వయసులో పలక నెత్తినెట్టుకుని, ఒక్క చేత్తో కూడా పట్టుకోకుండా, సందు మలుపులో పంతం కొద్దీ నడిచొచ్చేది. "అల్లాల్ అన్నా, ఇవాళ నా రొట్టె చూడు, పొంగకపోతే నా పేరు మార్చుకుంటాను" అనేది. పేరు మార్చుకునే రోజు నిజంగానే వచ్చింది. అతను ముఖం బట్టీ వేడికి తిప్పుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు.

ఒక్క మాట చెబితే చాలు. ఆ పిండి ఫలానా ఇంటిది, ఆమె ఫలానా, నా చెయ్యి తప్పలేదు అంటే చాలు, పనితనం నిలబడుతుంది, తాళాలు దక్కుతాయి. గురువారమంతా ఆ మాట నాలుక చివరి దాకా వస్తూనే ఉంది, అతను మింగుతూనే ఉన్నాడు. సాయంత్రం పై గదిలోకి వెళ్ళి, సంచీలో తన రెండు జతల బట్టలూ సర్దుకున్నాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం ఇళ్ళన్నింటా గోధుమరవ్వతో కుస్కుసే వండుకుంటారు కాబట్టి రొట్టె పలకలు అసర్ వేళకి గానీ రావు. అల్లాల్ ఆ వేళకి బట్టీ ఊడ్చి, తెడ్డు కడిగి గోడకి ఆనించి, బూడిద ఎత్తిపోశాడు. తరవాత వచ్చేవాడికి చీపురు పట్టే పని కూడా మిగలకూడదనుకున్నాడు. లల్లా బతూల్ పలకని హజ్జా ముందే తెచ్చిపెట్టి పోయింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే పలకలతో వచ్చి వరస కట్టారు. ఇవాళ అతన్ని పంపించేస్తారని అందరికీ తెలుసు. అందుకేనేమో పన్నెండు పదమూడు మంది స్వయంగా వచ్చారు. వరసలో నాలుగో మనిషి రంగులద్దే ముస్తఫా భార్య.

అప్పుడు సందు మలుపులో హజ్జా గొంతు వినపడింది. "జరగండి, జరగండి, మెట్టుంది చూసుకో లల్లా!" అంటూ ఆవిడ ఒక ముసలమ్మని నడిపించుకొస్తోంది. మూడేళ్ళుగా గడప దాటని లల్లా బతూల్. పాదాల దాకా తెల్లటి జెల్లాబా అంగీ, వంగిన నడుము. సీ మఫద్దల్ మోకాళ్ళ మాట మరిచి లేచి నిలబడ్డాడు.

ఆవిడ అరుగు తడుముకుంటూ వచ్చి బట్టీ గోతి ముందు ఆగింది.

"అల్లాల్, ఆ రొట్టె ఎవరిదో నీకు తెలుసు."

"తెలీదు లల్లా."

"ఒట్టెయ్యి."

అల్లాల్ చేతులు తుడుచుకున్నాడు. వరసలోని ఆడవాళ్ళ వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలూ పడ్డాడు. "ఒట్టెయ్యను" అన్నాడు చివరికి.

"అంటే తెలుసన్నమాట!" అన్నాడు సీ మఫద్దల్. "తెలిసే, పని రాదని ఒప్పుకుని, చేతికందిన బతుకుతెరువు పోగొట్టుకుంటున్నావా? నీకేం పిచ్చా?"

"చెప్పాల్సినప్పుడు చెప్పలేదు సీ మఫద్దల్. చెప్పకూడనప్పుడు ఎలా చెప్పను?"

 లల్లా బతూల్ అతన్ని వదిలేసి, మెల్లిగా ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"నా కళ్ళకి మీరంతా ఒకే తెల్లటి నీడ" అంది. గొంతు సన్నగా ఉంది గానీ ఒణకలేదు. "ఇక్కడున్నావో లేదో తెలీదు పిల్లా. ఉంటే విను. వడ్డాణం దొరికిన రోజున మా ఇంట్లో మిఠాయిలు పంచారు. నిన్ను పిలిపించాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. సిగ్గేసి ఊరుకున్నాను. నీ బట్టల మూట వీధిలోకి విసిరింది వేరెవరూ కాదు, ఈ చేతులే. మొన్న వీళ్ళంతా వచ్చి అల్లాల్‌ని క్షమించు లల్లా అంటే, క్షమించేసి, నాది ఎంత పెద్ద మనసో అని మురిసిపోయాను. నన్ను క్షమించాల్సిన మనిషి ఒకతి ఉందని ఒక్కరూ గుర్తుచెయ్యలేదు. నీ రొట్టె గుర్తుచేసింది."

హజ్జా ఆవిడ మోచెయ్యి పట్టుకోబోయింది. ఆవిడ విదిలించుకుంది.

"నువ్వు ఎవరో చెప్పక్కర్లేదు. నాతో మాట్లాడక్కర్లేదు. ఈ సందంతా వినేలా చెబుతున్నాను. ఆ పిల్ల దొంగ కాదు. తప్పు నాది. ఇంతే, ఇక నన్ను కూర్చోబెట్టండి, కాళ్ళు చచ్చుబడుతున్నాయి."

సీ మఫద్దల్ తన ముక్కాలిపీట జరిపాడు.  బుధవారం నాడు పాత బుద్ధి అన్న ఆవిడ నేల చూపులు చూస్తోంది. హజ్జా అయితే గోడ వైపు తిరిగి ముసుగు కొసతో ముక్కు తుడుచుకుంటోంది. ఎంతసేపని అలా ఉంటారు? పిండి ఆగదు కదా! మొదటి ఆవిడ పలక అరుగు మీద పెట్టింది. రెండో ఆవిడ, మూడో ఆవిడ పెట్టారు.

నాలుగో పలక వచ్చింది. గుడ్డ కింద కుడిచేత్తో చేసిన అవే వంకర రొట్టెలు రెండు. అల్లాల్ తల ఎత్తకుండా అందుకోబోయాడు. పలక రాలేదు, ఆమె వదల్లేదు. గుడ్డ ఒక పక్కకి తీసి, ఎడమచెయ్యి చాపి, ఒక రొట్టె అంచు మీద బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కింది. ఏటవాలుగా గుంట పడింది. రెండో రొట్టె మీదా నొక్కింది. చుట్టూ ఉన్నవాళ్ళు అది చూశారో లేదో గానీ, ఇద్దరు ముగ్గురు మాత్రం గట్టిగా ఊపిరి పీల్చడం అల్లాల్‌కి వినపడింది.

"ఒకటి మాది" అంది యామ్నా, అతనికి మాత్రమే వినపడేలా. "ఇంకోటి ఎక్కడ పెట్టాలో నీకు తెలుసు. నీకోసం చేస్తున్నాననుకోకు. నిన్నింకా క్షమించలేదు."

"అలాగే తల్లీ" అన్నాడు.

"బాగా ఎర్రగా కాలనివ్వు. నిన్న తెల్లగా వచ్చాయి" అంది పైకి, అందరి ఆడవాళ్ళూ బట్టీవాడితో అన్నట్టే. పక్కకి జరిగి నిలబడింది. ముసలమ్మ కూర్చున్న చోటికి నాలుగడుగుల దూరంలో ఆగింది. అంతకన్నా దగ్గరికి వెళ్ళలేదు, దూరమూ జరగలేదు.

అల్లాల్ తెడ్డు తీశాడు. ఆ రెండు రొట్టెల్నీ బట్టీలో కుడివైపున, వేడి సమంగా తగిలే చోట పెట్టాడు. చెమటో కన్నీళ్ళో అతనికే తెలీలేదు, భుజంతో ముఖం తుడుచుకున్నాడు. వెనక ఏదో గలగలమంది. సీ మఫద్దల్ నడుముకున్న తాళాల గుత్తి విప్పి గోతి పక్కనున్న మేకుకి తగిలిస్తున్నాడు.

"రేపు తడి కట్టెలొస్తున్నాయి. కప్పు మీద పరిచి ఎండబెట్టు. మళ్ళీ నా మోకాళ్ళతో పైకి ఎక్కించకు" అని, ఇంకేమీ అనకుండా నమాజుకి బయలుదేరాడు.

రొట్టెలు కాలాయి. అల్లాల్ ఒక్కొక్కటే లాగి ఎవరి పలక మీద వాళ్ళవి సర్దాడు. యామ్నా తన పలక తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. హజ్జా లల్లా బతూల్‌ని ఇంటి దగ్గర దింపి, ఆయాసపడుతూ ఆవిడ పలక కోసం తిరిగొచ్చింది. గుడ్డ ఎత్తి చూసి నొసలు ముడిచింది.

"పంపింది మూడేగా, నాలుగున్నాయేంట్రా? మళ్ళీ చెయ్యి తప్పిందా?"

"లేదు హజ్జా. ఎవరివి వాళ్ళకే పెట్టాను" అన్నాడు అల్లాల్.